కొట్టేసిన అప్పు, దున్నేసిన పత్తి

ప్రోనోటుకు ఆయుష్షు మూడేళ్లు. గడువు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి, ఇంకా నెలో రెండు నెలలో ఉందనగానే అప్పిచ్చిన ఆసామి కబురు పెడతాడు. రైతు వెళ్లి అరుగు మీద కూర్చుంటాడు. ఆసామి ట్రంకుపెట్టెలోంచి పాత నోటు తీసి, వెనక రాసిన చెల్లులు చూసి, వడ్డీ లెక్క కట్టి, దాన్ని అసల్లో కలిపి కొత్త నోటు రాయిస్తాడు. స్టాంపు మీద అడ్డంగా సంతకం పడుతుంది. పాతది చింపేస్తారు. గుంటూరు సీమలో దీన్ని నోటు తిరగరాయడం అంటారు. రైతు చేతికి కొత్తగా కానీ రాదు. ఇంటికి చేరేసరికి అప్పు మాత్రం పెరిగి ఉంటుంది.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. 1928 జూన్‌లో ఒకాయన నూటికి నెలకు రూపాయి వడ్డీ మీద 500 రూపాయలు తెచ్చాడనుకోండి. మధ్యలో ఏమీ కట్టలేకపోయాడు. 1931 జూన్‌లో తిరగరాస్తే నోటు 680 అయింది. 1934లో మళ్లీ రాస్తే 924 రూపాయల పైచిల్లర. 1937కి 1,257. ఈలోగా 1929 చివర మొదలైన ప్రపంచ మాంద్యం మద్రాసు రాష్ట్రం దాకా వచ్చి, నాలుగేళ్లలో ధాన్యం ధరను సగానికి పైగా కోసేసింది. పత్తిదీ అదే గతి. ఈ లెక్కన 1928లో పది బస్తాలు కొలిస్తే తీరిపోయే ఏ అప్పైనా, 1934లో నోటు మీదున్న అంకె ప్రకారం తీరాలంటే నలభై బస్తాల దాకా కొలవాలి. భూమి అదే, వాన అదే, ఎద్దులు అవే. మారింది ధర, పెరిగింది కాగితం.

ఇలాంటి కాగితం మీద 1938 మార్చి 22న ఒక చట్టం వచ్చి పడింది. రాజగోపాలాచారి మంత్రివర్గం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం, ఆ ఏటి నాలుగో నంబరుది. దానికి అయిదేళ్ల ముందు, 1933 మే 12న, అమెరికాలో రూజ్‌వెల్ట్ వ్యవసాయ సర్దుబాటు చట్టం మీద సంతకం పెట్టాడు. న్యూ డీల్ అనే పెద్ద మూటలో రైతుకు చుట్టి ఇచ్చిన పొట్లం అది. రెండూ ఒకే మాంద్యానికి వేసిన మందులు. రెండింటినీ పక్కపక్కన పెట్టేటప్పుడు మనవాళ్లకు ఒక అలవాటుంది. అక్కడిది దొరబాబు దాతృత్వం, ఇక్కడిది చేతగాని కాగితపు చట్టం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఈ తీర్పు నాకు సగమే మింగుడు పడుతుంది. అక్కడి ప్రభుత్వం ధరను పట్టుకుంది. ఇక్కడి ప్రభుత్వం అప్పును పట్టుకుంది. ఏది ఎందుకు పట్టుకున్నారు, పట్టుకున్నది ఎవరి దాకా పోయి ఆగింది అన్నది చూడకుండా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడం తొందరపాటే.

ముందు మన చట్టం పనితనం చూడండి. 1932 అక్టోబరు 1కి ముందు రైతు చేసిన అప్పు అయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అసలు మాత్రమే కట్టాలి. అసలంటే ఏది? 1937లో తిరగరాసిన 1,257 రూపాయల నోటా? కాదు. అదే అప్పిచ్చినవాడి పేరున ఎన్నిసార్లు తిరగరాసినా, మొట్టమొదట చేతికిచ్చిన సొమ్మే అసలని చట్టం వివరణ ఇచ్చింది. మన లెక్కలో 500. అరుగు మీద మూడేళ్లకోసారి జరిగిన తతంగాన్నంతా ఒక్క వాక్యంతో వెనక్కి తిప్పేసింది. చట్టం రాసినవాళ్లకు ఊళ్లో వ్యవహారం ఎలా నడుస్తుందో తెలుసనడానికి ఈ ఒక్క వివరణ చాలు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఏటేటా వడ్డీ తప్పకుండా కడుతూ వచ్చినవాడి సంగతేమిటి? 1928లో అదే 500 తెచ్చి, ఏడాదికి 60 చొప్పున తొమ్మిదేళ్లు కట్టినవాడు 540 కట్టాడు. చట్టం ప్రకారం అసలుకు రెండింతలు, అంటే 1,000 ముడితే అప్పు పూర్తిగా తీరినట్టే. ఇతనికి ఇంకా 460 తగ్గింది. ఆ 460, అసలు 500, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది కడితే చాలు. అదే అప్పు 1920లో చేసి క్రమం తప్పకుండా వడ్డీ కట్టినవాడైతే 1937కి 1,020 కట్టి ఉంటాడు. అతను బాకీదారే కాదు. వడ్డీ అసలును మించకూడదన్న పాత ధర్మశాస్త్రపు నియమానికి ఇది దగ్గరి చుట్టం. దాన్ని కొత్త చట్టం వెతికి పట్టుకుని రైతు చేతికిచ్చింది. 1932 తర్వాతి అప్పులకు వడ్డీని ఏటికి నూటికి 5కి దించారు. చట్టం వచ్చాక చేసే అప్పులకు ఆరుంబావు మించకూడదన్నారు.

ఇది చేతగాని చట్టమా? నాకైతే అలా కనిపించదు. ఇంత ధైర్యంగా అసలు లెక్కనే తిరగదోడిన చట్టం అమెరికాలో ఆ కాలంలో రాలేదు. అక్కడ అప్పుల దగ్గర చేసింది ఎక్కువగా మార్పిడి పని. పాత తాకట్టును ప్రభుత్వ అండ ఉన్న సంస్థ తీర్చేసి, తక్కువ వడ్డీకి పొడుగైన వాయిదాల మీద కొత్త తాకట్టు రాయించుకోవడం. 1934లో ఫ్రేజియర్, లెమ్కే అనే ఇద్దరు సభ్యులు పొలం వేలాన్ని అయిదేళ్లు ఆపే చట్టం తెస్తే, మరుసటి ఏడే సుప్రీంకోర్టు కొట్టేసింది. కొంచెం నీళ్లు కలిపి మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది.

అమెరికా బలమంతా ధర దగ్గర ఉంది. 1929లో పౌను పత్తికి 17 సెంట్ల దాకా ఉన్న ధర 1932 నాటికి ఆరు సెంట్ల దగ్గరికి పడింది. 1933 మే నెలలో చట్టం వచ్చేటప్పటికి దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి విత్తేశారు, మొలిచింది, పెరుగుతోంది. ఆ పంట చేతికొస్తే ధర ఇంకా పడుతుంది. అందుకని ప్రభుత్వం ఎకరాకు ఏడు నుంచి ఇరవై డాలర్ల దాకా ఇస్తాం, నిలబడ్డ చేలో పావు వంతుకు పైగా దున్నేయమంది. దాదాపు పది లక్షల మంది రైతులు ఒప్పుకున్నారు. ఆ వేసవిలో కోటి ఎకరాలకు పైగా పత్తిని మట్టిలో కలిపేశారు. అప్పట్లో చెప్పుకున్న కథ ఒకటుంది: చాళ్ల మధ్య నడవాలే తప్ప మొక్క మీద కాలు పెట్టకూడదని పుట్టినప్పటి నుంచి నేర్పిన కంచరగాడిదలు, ఇప్పుడు చాలు మీదే నడవమంటే మొరాయించాయట. నిజమో కట్టుకథో గానీ, గుంటక తోలినవాడికి చప్పున అర్థమవుతుంది. మొక్క కొరకకుండా ఎద్దు మూతికి చిక్కం కట్టి, చాలు తప్పకుండా అంతర సేద్యం చేసే చేతులకు, నిలబడ్డ చేను దున్నేయమంటే అవి కూడా మొరాయించేవే.

నల్లరేగడిలో కోకనాడ పత్తి వేసే గుంటూరు రైతుకు ఈ వార్త అప్పుడు తెలిసి ఉంటే ఏమనుకునేవాడో. ఎవరో ఎకరాకు డబ్బిచ్చి పంట వద్దంటున్నారు. ఇక్కడేమో పంట వచ్చినా రాకపోయినా, అమ్ముడుపోయినా పోకపోయినా శిస్తు కట్టాలి, అదీ రొక్కంగా. పంట ధర సగమైతే శిస్తు దానంతటదే రెట్టింపయినట్టు. పైగా మాంద్యం గుమ్మంలో ఉండగా, 1929లో, కృష్ణా గోదావరి డెల్టాల్లో పునర్విచారణ పేరుతో శిస్తును నూటికి 18¾ వంతున, అంటే రూపాయికి మూడణాలు, పెంచడానికి సిద్ధపడింది సర్కారు. నిడుబ్రోలు నుంచి ఎన్.జి. రంగా లాంటివాళ్లు రైతు సంఘాలతో ఈ పెంపు మీద తిరగబడ్డారు.

ధర విషయంలో ఇక్కడి ప్రభుత్వం ఎందుకు చేతులు ముడుచుకుంది? జవాబు బంగారంలో ఉంది. ఈ పోలికలో నన్ను ఎక్కువగా పట్టి ఆపిన చోటు ఇదే. 1933 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ ప్రజల దగ్గరున్న బంగారం బ్యాంకులకు అప్పగించమని ఉత్తరువిచ్చాడు. 1934 జనవరిలో ఔన్సు ధరను 20.67 డాలర్ల నుంచి 35కు పెంచాడు. అంటే డాలరు విలువను తెలిసి దించాడు, పంట ధరలు లేవడానికి. మన దగ్గర 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణం వదిలేసినప్పుడు రూపాయిని మాత్రం ఇంగ్లండు నాణేనికే, రూపాయికి 18 పెన్నీల చొప్పున, కట్టి ఉంచారు. 16 పెన్నీలకు దించండని ఇక్కడి నాయకులు ఏళ్ల తరబడి అడుగుతున్నదే. దించితే పంటకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, లండనుకు పంపాల్సిన బాకీలు బరువవుతాయి. వాళ్లు దించలేదు. ఆ మార్పుల్లో బంగారం ధర పెరిగింది, పంట ధర పెరగలేదు. అప్పుడు ఊళ్లో ఏమవుతుంది? శిస్తు వాయిదా వచ్చినప్పుడు మెళ్లో గొలుసు, చేతి గాజులు కంసాలి కొట్టుకు పోతాయి. అక్కడి నుంచి బొంబాయి, బొంబాయి నుంచి ఓడెక్కి లండను. ఆ నాలుగైదేళ్లలో దేశం నుంచి కోట్ల రూపాయల బంగారం అలా తరలింది. ఢిల్లీలో దీన్ని లాభసాటి ఎగుమతి అన్నారు. ఒక దేశంలో ప్రభుత్వం బంగారం పట్టుకుని పంటకు ధర తెచ్చింది. ఇంకో దేశంలో పంటకు ధర లేక ఆడవాళ్ల ఒంటి మీది బంగారం సర్కారు బాకీ కింద జమైంది.

1937 జూలైలో అధికారానికి వచ్చిన మద్రాసు మంత్రివర్గానికి రూపాయి మారకం మీద అధికారం లేదు, సుంకాల మీద లేదు, నోట్ల ముద్రణ మీద లేదు. అవన్నీ ఢిల్లీవి, ఢిల్లీ వెనక లండనువి. రాష్ట్రం చేతిలో ఉన్నవి భూమి, శిస్తు, ఊళ్లో అప్పులు. ఉన్న పనిముట్టుతోనే కదా పని చేసేది. అందుకే అప్పును పట్టుకున్నారు. రాజాజీకి రూజ్‌వెల్ట్ తెగువ లేదనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఆయన మీద నాకు వేరే ఫిర్యాదులున్నాయి, ఇది మాత్రం కాదు.

కరువు పనుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గుంటూరు జిల్లాకు కరువు కొత్త కాదు. 1832-33 నాటి డొక్కల కరువు పేరు తలిస్తే ఇప్పటికీ ముసలివాళ్లు గుండె మీద చెయ్యి వేసుకుంటారు. ఆ తర్వాతి కరువులు చూసి దొరల ప్రభుత్వం కరువు నిబంధనల పుస్తకం రాసుకుంది: వాన తప్పితే, పంట పోతే, చెరువు మట్టి తవ్వించి కూలీ ఇవ్వాలని. ఆ పుస్తకంలో ధర పడిపోవడమనే కరువు లేదు. గాదెలో ధాన్యం ఉంది, ఇంట్లో పైసా లేదు. ఇలాంటి కష్టానికి పెట్టిన పేరే లేనప్పుడు పని ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికా 1935లో మొదలుపెట్టిన పనుల శాఖ ఎనిమిదేళ్లలో 85 లక్షల మందికి కూలీ ఇచ్చింది. అలాంటి పథకానికి మనకు 2006 ఫిబ్రవరి దాకా, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలయ్యేదాకా, పట్టింది.

డబ్బు ఎవరిచ్చారన్నది తర్వాతి ప్రశ్న. అమెరికాలో పత్తి దున్నేసినందుకు ఇచ్చిన డబ్బును మిల్లుల మీద పన్ను వేసి రాబట్టారు. మిల్లు ఆ భారాన్ని బట్ట కొన్నవాడి మీద వేసింది. 1936 జనవరిలో బట్లర్ కేసులో సుప్రీంకోర్టు ఆ పన్నునే కొట్టేసింది. మన చట్టానికి కూడా కోర్టు గండం తప్పలేదు. ప్రోనోటు ఢిల్లీ పరిధిలోని వ్యవహారం, మద్రాసుకు దాన్ని ముట్టుకునే హక్కు లేదని అప్పిచ్చినవాళ్లు ఫెడరల్ కోర్టు దాకా వెళ్లారు. 1940లో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. కానీ ఈ చట్టం కింద ఖజానా నుంచి పైసా పోలేదు. నష్టమంతా అప్పిచ్చినవాడిది. గుంటూరు పల్లెల్లో అప్పిచ్చిన ఆ మనిషి ఎవరు? పట్నం నుంచి వచ్చిన మార్వాడీయే అనుకోకండి. చాలాచోట్ల నాలుగు పుట్ల మాగాణి ఉన్న ఊరి రైతే. పొలం మీద మిగిలిన నాలుగు రూపాయలూ పక్కింటివాడికి వడ్డీకి తిప్పినవాడే. అతని చెల్లెలి కట్నం, వదినగారి భరణపు సొమ్ము, అన్నీ ఈ నోట్లలోనే తిరిగేవి. ఆ సంగతి చట్టం రాసినవాళ్లకూ తెలుసు. వేరే ఆస్తి లేని ఆడమనిషికి రావలసిన బాకీ అసలు 3,000 రూపాయలు మించకపోతే దాన్ని కోయకూడదని మినహాయింపు పెట్టారు. ఊళ్లో వితంతువు ఒక్క నోటు మీద బతికేదని తెలిసినవాడెవడో ఆ వాక్యం రాసి ఉంటాడు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం అదే.

మరి లోపం? లోపం చట్టం తలుపు దగ్గరే ఉంది. వ్యవసాయదారుడు అంటే ఎవరు? భూమిలో అమ్ముకోగల హక్కు ఉన్నవాడు, జమీందారీలో రైతు హక్కు ఉన్నవాడు. ఆదాయపు పన్ను కట్టేవాణ్ని, ఏటా 500 రూపాయలకు మించి పేష్కష్ కట్టే జమీందారును బయట పెట్టారు, మంచిదే. దర్శి, పొదిలి లాంటి వెంకటగిరి జమీ తాలూకాల రైతులకు ఇంకో మేలు కూడా చేశారు. ఫసలీ అనే శిస్తు ఏడాది లెక్కలో 1346, 1347ల శిస్తు గడువులోపు కడితే అంతకు ముందు బకాయిలు మాఫీ. కానీ నోటి మాట మీద కౌలుకు తీసుకుని దున్నేవాడికి అమ్ముకోగల హక్కు ఎక్కడిది? ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలని మాట్లాడుకుని, పెళ్లికి తీసుకున్న అడ్వాన్సు తీరక మూడో తరం కూడా అదే కొట్టంలో ఎద్దుల దగ్గర పడుకునే పాలేరుకు? అతని అప్పు ఆసామికే. ఆసామి తన అప్పును 1,257 నుంచి 500కు దించుకుని వచ్చి, సాయంత్రం పాలేరు బాకీ పద్దు తీస్తే, ఆ పద్దు మీద చట్టానికి అధికారం లేదు.

అమెరికా పత్తి పొలాల్లోనూ అచ్చంగా ఇక్కడే ఆగింది బండి. 1934-35 ఒప్పందాల్లో సాగు తగ్గించినందుకు పౌనుకు నాలుగున్నర సెంట్లు ఇస్తే, అందులో నాలుగు సెంట్లు భూస్వామికి, అర సెంటు పాలుకు చేసేవాడికి. చెక్కు భూస్వామి పేరున వస్తుంది. పాలికాపు పాత బాకీ కింద ఆ అర సెంటు కూడా పట్టుకోవచ్చు. పైగా నలభై శాతం పొలం బీడు పెడితే నలభై శాతం మనుషులతో పనేముంది? వీలైనంత వరకు పాలికాపుల్ని తీసేయకూడదని ఒప్పందం ఏడో క్లాజులో రాశారు. ఆ 'వీలైనంత వరకు' అన్న మాటలోంచి వేల కుటుంబాలు సామాను నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కాయి. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి 1934 జూలైలో అర్కన్సాలోని టైరోంజాలో కౌలుదారుల సంఘం పెట్టుకున్నారు. ఆ కాలానికి నల్లా తెల్లా ఒక సంఘంలో కూర్చోవడమే పెద్ద తెగువ. 1935 ఫిబ్రవరిలో వ్యవసాయ శాఖలోని కొందరు న్యాయవాదులు ఆ ఏడో క్లాజుకు పాలికాపుల్ని ఉంచితీరాలన్న అర్థం చెప్పబోతే, వాళ్లనే ఉద్యోగాల్లోంచి ఊడబెరికారు.

మన దగ్గర 1937-38లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచి వచ్చింది. వాళ్ల పట్టీలో జమీందారీ రద్దు ఉంది, శిస్తు తగ్గింపు ఉంది, రుణ విమోచన ఉంది. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం అప్పుడు రెవెన్యూ మంత్రి. జమీందారీల విచారణ సంఘానికి అధ్యక్షుడిగా ఆయన భూమి రైతుదేనని గట్టిగా రాశాడు. మంత్రివర్గం 1939 అక్టోబరులో దిగిపోవడంతో ఆ రాత రాతగానే మిగిలి, రద్దు 1948కి గానీ రాలేదు. ఇవన్నీ నిజమే. అయితే యాత్ర నడిచిన జెండా రైతుది. కూలి సంఘాలు విడిగా, ఆలస్యంగా, చిన్నగా మొదలయ్యాయి. రంగాగారి సంఘాల మీద వామపక్షం వాళ్లు వేసిన ప్రశ్న, రైతు అంటే యజమానేనా అన్న ప్రశ్న, నాకు న్యాయంగానే తోస్తుంది. ఆయన సమాధానం ఎప్పుడూ ముందు జమీందారు, తర్వాత మనలో మనం అన్నట్టే ఉండేది.

ఇంకో దెబ్బ కూడా ఉంది. అప్పు కోశాక అప్పిచ్చేవాడు పెట్టె మూసేశాడు. చట్టం ప్రకారం ఆరుంబావు వడ్డీకి ఎవడిస్తాడు? ఇచ్చినా 500 చేతికిచ్చి 700కు నోటు రాయించుకోవడం, లేకపోతే పొలం అమ్మినట్టే దస్తావేజు రాయించుకోవడం. మరుసటేడు విత్తనానికి, ఎద్దుకు డబ్బు కావాలి కదా. భూమి తనఖా బ్యాంకులు ఉన్నాయి, 1929లోనే మద్రాసులో కేంద్ర బ్యాంకు పెట్టారు. తనఖాకు భూమి ఉన్నవాడికే అవి. అమెరికాలో డబ్బొచ్చింది, భూస్వామికీ పాలికాపుకీ మధ్య లెక్క కదల్లేదు. ఇక్కడ లెక్క కదిలింది, డబ్బు రాలేదు. చివరికి రెండు చోట్లా ధర లేపింది యుద్ధం. 1946లో బి.వి. నారాయణస్వామి నాయుడు మద్రాసు ప్రభుత్వానికిచ్చిన గ్రామీణ రుణాల నివేదిక చూస్తే ఎవరి అప్పు తగ్గిందో తెలుస్తుంది. యుద్ధకాలపు ధరలతో పెద్ద భూముల వాళ్ల బాకీలు తగ్గాయి. కౌలుదార్లవీ కూలీలవీ పెరిగాయి.

ఈ పోలిక పాత చరిత్రతో ముగిసేదైతే ఇంత రాయనక్కర్లేదు. 1987-88లో తెల్లదోమ వచ్చి ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలు నల్లగా మసిబారి, రైతులు పురుగుమందు తాగి పోయినప్పుడు అప్పిచ్చినవాడు అరుగు మీది ఆసామి కాదు, పురుగుమందుల కొట్టువాడు. అక్కడి నుంచి మాఫీల కాలం వచ్చింది. 2008 ఫిబ్రవరి 29న కేంద్ర బడ్జెట్‌లో 60,000 కోట్ల రుణమాఫీ ప్రకటించారు. అయిదెకరాల లోపు వాళ్లకు పూర్తిగా, పైవాళ్లకు నూటికి 25. 2014లో రాష్ట్రం కుటుంబానికి లక్షన్నర దాకా, విడతలుగా. 1938 చట్టం పక్కన పెడితే ఈ మాఫీలు తలకిందులుగా కనిపిస్తాయి. అప్పుడు ప్రభుత్వానికీ సహకార సంఘాలకీ రావలసింది ముట్టుకోకుండా, ఊళ్లో వడ్డీ వ్యాపారిని కోశారు. ఇప్పుడు బ్యాంకు, సొసైటీ అప్పు తీర్చి, ఊళ్లో వడ్డీ వ్యాపారిని ముట్టుకోలేదు. 1938లో ఖజానా మూసి ఉంచి చట్టానికి పని చెప్పారు, 2008లో ఖజానా తెరిచి చట్టాన్ని అటక మీద పెట్టారు. రెండోది రాజకీయంగా సుఖం. ఎవరికీ కోపం రాదు.

కౌలు రైతు మాత్రం రెండింటిలోనూ గడప బయటే. అతనికి బ్యాంకు అప్పిచ్చి ఉంటే కదా మాఫీ. 2011లో ఆంధ్రప్రదేశ్ సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చింది. యజమానులు జంకారు, బ్యాంకులు నసిగాయి. 2019లో ఇంకో చట్టం, పంట సాగుదారుల హక్కుల చట్టం. పదకొండు నెలల ఒప్పందం రాసుకుని యజమాని సంతకం పెడితే కార్డు వస్తుంది. పెట్టమంటే, మా తాత నాటి నుంచి పొలం ఎవరికిచ్చినా కాగితం రాసింది లేదు, ఇప్పుడేమిటి కొత్తగా అంటాడాయన. గుంటూరు మిరప చేలో ఎకరాకు లక్షలు పెట్టుబడి పెట్టేది సంతకం లేని ఈ మనిషే.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. 1933 నాటి అమెరికా చేసిన పనికి, అంటే ధర పట్టుకోవడానికి, ఇది దూరపు బంధువు. కానీ గుంటూరు మిర్చి యార్డులో ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎలా అమ్ముడుపోతుందో చూడండి. కౌలు రైతు జూన్‌లో విత్తనానికి, నవంబరులో మందులకు కమీషన్ ఏజెంటు దగ్గర డబ్బు తెచ్చుకుంటాడు. ప్రోనోటు ఉండదు, సాక్షులుండరు, స్టాంపు ఉండదు. ఉండేది ఏజెంటు పుస్తకంలో ఒక పద్దు. సరుకు వేరే ఏజెంటుకు వేయకూడదన్నది మాట. మార్చిలో టిక్కీలు దించి, ఎర్రటి కాయ మీద చెయ్యి వేసి ధర పలికి, తూకమేసి పట్టీ రాస్తారు. పట్టీలో కమీషను, హమాలీ, ఇచ్చిన సొమ్ము, దాని వడ్డీ అన్నీ పోను మిగిలింది చేతికిస్తారు. ఒక్కోసారి మిగిలేదేమీ ఉండదు, పుస్తకంలో బాకీ పై ఏడాదికి ఎక్కుతుంది. 1938 చట్టం మూడు నోట్ల వెనక మొదటి 500 రూపాయల్ని వెతికి పట్టుకోగలిగింది, ఎందుకంటే అప్పుడు నోటు ఉంది. కౌలు రైతు పట్టీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, యార్డు గేటు దగ్గర టీ తాగి, నరసరావుపేట బస్సెక్కుతాడు.